తాబేలు తాత వినని తగువు

ఆ అడవిలో తాబేలు తాత చెప్పిందే ఆఖరి తీర్పు. కోరలూ కొమ్ములూ లేకపోయినా ఆయన మాటను ఇంతవరకూ ఎవరూ జవదాటలేదు.

ఆ నమ్మకంతోనే కౌజుపిట్ట వచ్చి మొరపెట్టుకుంది. "అడవిపంది నా గుడ్లన్నీ తినేసింది తాతా. మళ్లీ పెట్టాను. ఇటు రావద్దని దానికి ఒక్కమాట చెప్పండి."

"ఇది మేం వినే తగువు కాదమ్మా" అని తాత ఉడతల్ని పిలిచి, వాటి నేరేడుపండు తగువు తీర్చాడు.

"నా గుడ్లు నేరేడుపండు పాటి చెయ్యవా?" అంది పిట్ట.

తాత మెడ చాచి గొంతు తగ్గించాడు. "ఉడతలు నా మాట వింటాయి. పంది వినదు. అది వినలేదని తెలిస్తే రేపు ఉడతలూ వినవు. అప్పుడిక నీకు న్యాయం చెప్పడానికి ఎవరుంటారు?"

పిట్ట దండం పెట్టి వెళ్లిపోయింది.

ఆ పూట కూడా తాత మాటను ఎవరూ జవదాటలేదు.