కళ్లజోడు మీద పేపరు

"మా అమ్మాయి రాసిన పేపరండీ. సైన్సు పత్రికలో అచ్చయింది!"

నాన్న పత్రికను మందుల షాపు కౌంటర్ మీద పరిచాడు. షాపతను శీర్షిక చదివాడు: ‘వెతుకుతున్న కళ్లజోడు నుదుటి మీదే ఉండే అవకాశం: ఒకే తండ్రిపై పదేళ్ల పరిశీలన’. అతని పెదవులు బిగుసుకున్నాయి, బుగ్గలు ఉబ్బాయి. నాన్న చేతిగడియారం చూసుకుంటూ ఓపిగ్గా నిలబడ్డాడు. చివరికి షాపతను దగ్గు నటిస్తూ లోపలికి పరుగెత్తాడు.

"పాపం, జలుబు చేసినట్టుంది" అంటూ నాన్న జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. మాత్ర వేసుకోవాల్సిన టైము కాబోలు.

పక్కనున్న కూతురికి తల కొట్టేసినట్టయింది. అది ఆ పత్రిక ఏడాదికోసారి వేసే నవ్వుల సంచిక. అందులో పేపర్లన్నీ పరిశోధనల మీద వేళాకోళాలే. ఆ మాట మొదటి రోజే చెప్పాల్సింది. కానీ అమ్మ పోయాక ఆ ముఖంలో అంత వెలుగు చూడటం అదే మొదలు, నోరు రాలేదు. మూడు రోజులుగా సెలూన్ అతన్నీ, బస్సు కండక్టర్నీ, ఎవరినీ వదల్లేదాయన. పైగా సాయంత్రం తను పనిచేసిన కాలేజీలో దీని గురించి మాట్లాడతాడట! ముప్పై ఏళ్లు ఫిజిక్స్ లాబ్ చూసుకున్న మనిషి అక్కడ అందరి ముందూ నవ్వులపాలైతే?

ఇంటికి రాగానే అనేసింది. "సాయంత్రం వెళ్లొద్దు నాన్నా."

"అదేంటే? చొక్కా కూడా ఇస్త్రీ చేసుకున్నాను."

"ఆ పేపరు సరదాకి రాసింది. అందరూ నిన్ను చూసి నవ్వుతున్నారు. తప్పంతా నాదే."

నాన్న కళ్లజోడు కోసం బల్లంతా తడిమాడు. ఆమె లేచి, నుదుటి మీంచి దాన్ని కిందికి దించింది.

"అచ్చయింది నీ పేరేగా?"

"నాదే."

"పదేళ్లు నన్ను కనిపెట్టి చూసిందీ నువ్వేగా?"

"నేనే."

"మరింకేం! నా గర్వానికొచ్చిన ఢోకా ఏమీ లేదు."

ఆమెకు కళ్లు చెమర్చాయి. ఆయన గడియారం చూసి, మళ్లీ ఆ పుస్తకంలో రాసుకున్నాడు.

"మాత్ర టైమైందా?"

"మాత్ర కాదు తల్లీ. మందుల షాపతను పద్నాలుగు సెకన్లు, సెలూన్ అతను తొమ్మిది. నువ్వొక్కదానివే మూడు రోజులు. సాయంత్రం చదవబోయేది ఇదే, ఓసారి తప్పులు దిద్దిపెట్టు."

పుస్తకం ఆమె చేతిలో పెట్టి, చొక్కా మార్చుకోవడానికి వెళ్లాడు.

మొదటి పేజీలో గుండ్రటి అక్షరాలతో శీర్షిక ఉంది: ‘జోకు తెలియనట్టు నటించే తండ్రి ముందు జనం నవ్వు ఆపుకోగల సమయం’.