నక్షావాలా

"దేవీ, తలుపేసుకో! నక్షావాలా వత్తన్నాడు!"

పక్కింటి గౌరీశంకర్ కేకకి బర్మామైన్స్ బస్తీలోని ఆ ఇరుకు సందు ఇంకాస్త ఇరుకైంది.

పొయ్యి మీద కుక్కరు కంటే ముందే దేవి గుండె కూత పెట్టింది.

పోయిన నెల వెనక సందులోకి ఇలాగే ఒకడు నక్షా, అదే ఇళ్ళ పటం, పట్టుకొచ్చాడు. పేర్లడిగాడు, సంతకాలు పెట్టించుకున్నాడు. మూడోనాడు బుల్డోజరొచ్చింది. ముందు పటం, వెనక ఇళ్ళు పటాపంచలు!

అప్పట్నుంచి ఈ సందుకి రెండే కట్టుబాట్లు. నక్షావాలా ఎవరి పేరడిగినా, అలాంటివాళ్ళు లేరు. కాగితం లోపలికి తోస్తే, చదవకుండా కాల్చెయ్యాలి. చదివితే నోటీసు అందినట్టు, కాలిస్తే అందనట్టు. ఈ న్యాయశాస్త్రం గౌరీశంకర్‌ది.

తలుపు చప్పుడైంది.

దేవి ఓరగా తీసింది. తెల్లగడ్డం పెద్దాయన. చంకలో చుట్టిన పటం. గుమ్మానికి ఆనించిన చేతికి మూడే వేళ్ళు.

"పోలరాజు గారి ఇల్లు ఇదేనా అమ్మా?"

దేవి తలుపు ఇంకాస్త దగ్గరికి లాగింది. ఈ ఇంటి కాగితం ఆ పేరు మీదే ఉంది. ఆమె నాన్న పేరు. దక్షిణ ధ్రువానికెళ్ళే ఓడలో క్రేన్ మెకానిక్‌గా పోతూ, "పోలరాజుని కదేటే, పోలార్‌కి రాజునైపోతాను!" అని నవ్వించి మరీ పోయాడు. మంచులో తప్పిపోయాడని కబురొచ్చి పన్నెండేళ్ళు. ఎక్కడో, ఎలాగో చెప్పినవాళ్ళు లేరు.

"అలాంటోళ్ళు ఎవులూ నేరు బాబూ."

"క్రేన్ మెకానిక్ అమ్మా. బర్మామైన్స్ అనే చెప్పేవాడు. వాళ్ళ ఇంటివాళ్ళది ఒక్క సంతకం..."

సంతకం!

"నేరని సెప్పినానా! పోలరాజూ నేడు, పాలరాజూ నేడు!"

గడియ పెట్టింది. గడియ మీద చెయ్యి గడియసేపు వదల్లేదు.

"పోనీ, ఎప్పుడైనా కనబడితే ఇది ఇవ్వండమ్మా." తలుపు కిందనుంచి పటం లోపలికొచ్చింది.

పామొచ్చినట్టు ఎగిరి, పట్టకారుతో పట్టి, బొగ్గుల పొయ్యిలోకి దోపేసింది దేవి.

"ఎవులే?" లోపల్నుంచి అమ్మ నూకాలమ్మ.

"ఎవులూ కాదమ్మా."

సెగకి పటం చుట్ట విప్పుకుంది.

అందులో సందుల్లేవు. ఇళ్ళు లేవు. అంతా నీలం సముద్రం. నడుమ నువ్వుగింజంత తెల్లచుక్క. పక్కన అచ్చు అక్షరాలు: 'మనుషులు లేని దీవి. పెట్టదలచిన పేరు: పోలరాజు దీవి.' కింద, ఇంటివాళ్ళ సంతకానికి ఖాళీ గీత.

దేవి పొయ్యిలో చెయ్యి పెట్టేసింది. దక్కింది అరచెయ్యంత ముక్క.

కాలిన వేళ్ళతో వీధిలోకి పరిగెత్తింది.

"గౌరీ అన్నా, ఆయనేడీ?"

"ఆటో ఎక్కించి పంపించేసినాను. ఆ పేరుగలోడు ఈ బస్తీలో పుట్టనే నేదని మరీ సెప్పినాను. మళ్ళీ రాడు, బేఫికర్‌గా ఉండు!"

వెనకాలే నూకాలమ్మ గోడ పట్టుకుని గుమ్మంలోకొచ్చింది. "ఎవులే వచ్చింది? సెప్పవేటే?"

దేవి చేతిలోని ముక్క వెనకవైపు, మూడు వేళ్ళతో రాసిన వంకర అక్షరాలు ఇంకా పొగలు కక్కుతున్నాయి: '...తుపానులో నన్ను వీపున మోసి ఈ దీవి చేర్చి, తన తొడుగులు నా చేతులకే తొడిగి, నా ఒళ్ళోనే కన్నుమూశాడమ్మా మీ నాన్న.'