రెండో గుట్ట

“‘బహుశా’ కొట్టెయ్,” అన్నాడు ఇన్నయ్య.

తబిత పెన్ను ఎత్తి మామగారి వైపు చూసింది. “ఒక్క మాటే కదా మామయ్యా. ఉంటే ఏం పోతుంది?”

“నీ పీహెచ్‌డీ పోతది. వాళ్ళేం రాసిండ్రు? పాత వ్యాసం తప్పయితే తప్పని రాయి, లేకుంటే నీది వాపస్ తీస్కో అన్నరు. గిట్ల నసుగుతూ పంపితే మళ్ళ తిప్పి పంపుతరు. ఈయాల అయిదు దాటితే ఆ చాన్సు గూడ ఉండది.”

నిజమే. విదేశీ పత్రిక పెట్టిన గడువు ఆ సాయంత్రమే. వాళ్ళు అచ్చుకు ఒప్పుకుంటే తప్ప యూనివర్సిటీ తబిత థీసిస్ తీసుకోదు. ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకుంటూ, ఖానాపురం హవేలిలో ఇల్లు చూసుకుంటూ అయిదేళ్ళు ఆమె పడ్డ పాటంతా ఆ పన్నెండు పేజీల్లో ఉంది.

సంగతి చెప్పుకుంటే చిన్నదే. చండ్రుగొండ వైపు తోటల్లో పెరిగే జామాయిలు ఉంది కదా, దాని నూనె ఆవిరి మీద తగిన కాంతి పడితే అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపడతాయి. వాటి శక్తిని కొలిచి గీస్తే గ్రాఫులో గుట్టలు లేస్తాయి. ఒకచోట ఒకే గుట్ట ఉందని ముప్పై రెండేళ్ళ కిందట ఒక వ్యాసం తేల్చింది. అందరూ దాన్నే నమ్మారు. ఈ మధ్య కొత్త యంత్రంతో మరింత సూక్ష్మంగా తీసిన కొలతలు తబిత చేతికొచ్చాయి. కలిసిపోయిన గుట్టలను విడదీసే ప్రోగ్రాం ఆమె సొంతంగా రాసుకుంది. అక్కడ రెండు గుట్టలున్నాయని అది తేల్చింది.

ఇన్నయ్య వెంటనే ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి, ఊరికే ఒప్పుకుంటాడా? కోడలి ప్రోగ్రాంలో లోపం పట్టాలని రెండు నెలలు దాని మీదే కూర్చున్నాడు. ఒక్క గుట్టే ఉన్న అంకెలు తయారుచేసి ఇచ్చి, లేని రెండోది చూపిస్తుందేమోనని కాచుకున్నాడు. మూడుసార్లిచ్చినా అది ఒక్కటే చూపింది. కళ్ళజోడు తీసి “నీ లెక్కే రైటు” అన్నాడు. ఆ రోజు నుంచి ఆమెను నిలవనివ్వడం లేదు.

వంటింట్లోంచి విశ్రాంతమ్మ వచ్చింది. “ఏమయ్యా, ఒక మనిషి పేరు పడగొట్టనీకి గింత జల్దీ ఏంది నీకు? వచ్చే నెల కాలేజీల ల్యాబుకు ఆ పేరు పెడ్తున్నరు. ఆ వ్యాసం చూసే కద పెడ్తున్నరు. బోర్డు గూడ రాయించిండ్రాయె.”

“ఎక్కిచ్చినంక దించుడు కన్నా ఎక్కియ్యకపోవుడే నయం.”

“నువ్వసలు మనిషివేనా?” అని ఆమె విసురుగా లోపలికి వెళ్ళిపోయింది.

“అత్తయ్య మాటలో తప్పేముంది మామయ్యా?” అంది తబిత. “కావాలని చేసిన తప్పు కాదు కదా. అప్పట్లో కంప్యూటర్లు లేవు.”

“కంప్యూటర్ లేక గాదు. పొదుపు చేసి.” ఇన్నయ్య గొంతు పెరిగింది. “యంత్రం గ్రాఫు గీసే కాగితం పరదేశం నుంచి రావాలె. చుట్ట అయిపోతే ఆర్నెల్లు ఆగాలె. అందుకని కాగితాన్ని మెల్లగ నడిపేటోళ్ళం, అందరం. గట్ల నడిపితే రెండు గుట్టలు దగ్గరికి జరిగి ఒక్కటే అయితయ్. కాగితం స్పీడు పెంచి ఇంకోసారి చూస్కోవాలెనా, వద్దా? చూస్కోలే. గది రాయి. కాగితానికి ఆశపడి చెడిందని రాయి.”

“మరీ అంత కటువుగానా?”

“నిజానికి కటువేంది? నా క్లాసుల పిల్లలు గిట్ల చేస్తే సున్నా పెట్టేటోన్ని. రాసినోడు బతికే ఉన్నడు. చదువుకుంటడు. దిగమింగుకుంటడు.”

మూడున్నరకు కరెంటు పోయింది. కంప్యూటర్ ఆరిపోయింది.

“ఇది దేవుడి మాటేమో. వదిలేద్దాం మామయ్యా.”

“దేవుడు కరెంటాఫీసుల పన్జేస్తలేడు. లే.”

ఇద్దరూ షేర్ ఆటో ఎక్కి బస్టాండు దగ్గరి నెట్ సెంటరుకు వెళ్ళేసరికి నాలుగుంబావయింది. దాన్ని నడిపే నాగలత ముందే చెప్పింది. “ఇన్వర్టర్ మీద నడుస్తున్నయ్ సార్. ముప్పావుగంటకు మించి రాదు.”

తబిత తన మెయిల్లో ఉన్న వ్యాసం తెరిచి దిద్దుబాట్లన్నీ ఎక్కించింది. ‘బహుశా’ తీసేసింది. కాగితం సంగతి చేర్చింది. ‘తప్పు’ అన్న మాట దగ్గర ఆమె వేళ్ళు ఆగినప్పుడల్లా వెనకనుంచి ఇన్నయ్య “ఊఁ” అన్నాడు. ఆ మాట నాలుగుచోట్ల రావాల్సి ఉంటే నాలుగుచోట్లా పడింది.

అయిదుకు పది నిమిషాలుండగా ఫారంలో చివరి గడి వచ్చింది. ఎవరి వ్యాసాన్ని సరిదిద్దుతున్నారో ఆ రచయిత పేరు రాయమంది. అది నింపితే తప్ప పంపే బటన్ పనిచేయదు.

తబిత కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. “ఇది మాత్రం నా చేత రాయించకండి. ఇంటికెళ్ళి అత్తయ్య మొహం ఎట్లా చూడను?”

“గింత దూరమొచ్చి గిప్పుడా?”

“మీకు బాధ లేదా మామయ్యా?”

“ఉంది. మస్తుగుంది. అయినా సున్నా సున్నానే. జరుగు.”

ఇన్నయ్య కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఒక్క వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పేరు కొట్టాడు. స్పెల్లింగు రెండుసార్లు సరిచూసుకున్నాడు. పంపే బటన్ కూడా తనే నొక్కాడు. చేరిందని తెర మీద రాగానే తబిత చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

ఆ గడిలో ఇన్నయ్య కొట్టింది తన పేరే.