ఇరవై మాటల జాబితా

టెల్మో దగ్గర మారుతాళాలు లేవు, గునపం లేదు. ఇరవై ఇంగ్లీషు మాటల జాబితా ఒక్కటే ఉంది.

ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు పోర్చుగీసు. ప్రైవసీ, సీక్రెట్, హైడ్, లాక్, ట్రస్ట్... అన్నీ గుట్టుగా బతకడానికి పనికొచ్చే మాటలే. పోర్చుగల్‌లోని వియానా ఊళ్లో పెద్దవాళ్ల కోసం నడిచే యూనివర్సిటీలో అతను వారానికి రెండు పూటలు ఇంగ్లీషు చెబుతాడు. విద్యార్థుల్లో డెబ్బై దాటనివాళ్లు లేరు. జాబితా పంచి, "ఒక్కో మాటతో ఒక్కో వాక్యం రాసుకురండి. నిజాలే రాయాలి, అబద్ధాలతో భాష పట్టుబడదు" అన్నాడు.

వాళ్లేమీ సామాన్యులు కారు. పట్టపగలు కూడా కిటికీలు బిగించుకునే బాపతు. చర్చిలో పాపాలు ఒప్పుకునేటప్పుడు ఫాదర్ దగ్గర కూడా సగం దాచుకుంటారు. అయితే ఇంగ్లీషులో రాస్తే చెప్పినట్టు కాదనుకున్నారో ఏమో, నోటుపుస్తకాల నిండా గుట్టంతా గుమ్మరించారు. రిటైరైన పోస్టుమాన్ అబీలియు తన విగ్గు సంగతి రాశాడు, పక్కింటావిడ సంగతి కూడా రాశాడు. టెల్మోకి అవేవీ అక్కర్లేదు. అతని చూపు దోనా దెయోలిండ అనే ముసలావిడ పుస్తకం దగ్గర ఆగింది.

"మా అమ్మ బంగారం మేడ మీద దుప్పట్ల పెట్టెలో ఉంది. కిలో పైనే. అది నా సీక్రెట్. ఇంటి తాళంచెవి పూలకుండీ కింద హైడ్ చేస్తాను. ఆగస్టు జాతరలో నా మనవరాలు అదంతా వేసుకుని ఊరేగుతుంది."

టెల్మో ఎర్రసిరాతో ఒక క్రియ దిద్ది, 'చాలా బాగుంది' అని రాశాడు. అప్పటికే జూన్ వచ్చేసింది. ఆ కిలో చేతికొస్తే బేకరీ మీది అద్దెగది ఖాళీ చెయ్యొచ్చు, ఈ జన్మలో మళ్లీ ఎవరికీ భూతకాలం చెప్పక్కర్లేదు.

గురువారం ఉదయం పరీక్ష పెట్టాడు. "గంట టైము. నేను కాపలా కూర్చోను. పద్నాలుగో మాట గుర్తుందిగా, ట్రస్ట్. మీ మీద నాకు అదుంది" అని పుస్తకాల సంచీ భుజాన వేసుకుని బయటపడ్డాడు.

ఇల్లు ఐదు నిమిషాల నడక. కుండీ కింద తాళంచెవి ఉంది. దుప్పట్ల అడుగున చిన్న ఇనప్పెట్టె ఉంది, ఎత్తితే బరువుగానే ఉంది. నలభై నిమిషాల్లో తిరిగొచ్చేసరికి క్లాసులో తలలన్నీ బుద్ధిగా వంగి ఉన్నాయి. పేపర్లు తీసుకుని చూస్తే అందరి జవాబులూ ఒకటే, తప్పులతో సహా.

గదికెళ్లి తలుపు గడియ పెట్టి పెట్టె పగలగొట్టాడు. లోపల గులకరాళ్లున్నాయి.

టెల్మోకి ఒళ్లు మండిపోయింది. తనకంటే ముందే ఎవడో బంగారం కాజేసి, బరువు కోసం రాళ్లు పోశాడు. ఎవడో ఏమిటి, ఆ అబీలియే. ఆవిడ పక్కనే కూర్చుని పుస్తకంలోకి తొంగిచూస్తుంటాడు. ఒకరు నమ్మి రాసుకున్నది మరొకరు చదవడమేమిటి, ఈ మనుషులకి మర్యాద అనేది లేదా అని అతనికి నిజంగానే బాధేసింది.

మంగళవారం క్లాసుకి పోలీసు సార్జెంటు వచ్చాడు. దోనా దెయోలిండ చేతిరుమాలు తడిసేలా ఏడుస్తోంది. పక్కన మనవరాలు ఆవిడ వీపు నిమురుతోంది.

"బంగారం అక్కడుందని ఎవరెవరికి తెలుసమ్మా?" అని అడిగాడు సార్జెంటు.

"ఒక్కరికీ తెలీదు నాయనా. మా కోడలిక్కూడా చెప్పలేదు. ఇంగ్లీషులో రాశానంతే."

సార్జెంటు టెల్మో వైపు తిరిగాడు. "ఆ పుస్తకాలు దిద్దేది మీరేగా? గురువారం పదకొండింటికి ఎక్కడున్నారు?"

ఆ రోజు టెల్మో సంచీ తగిలించుకుని బయటికి నడవడం పదిహేనుమందీ చూశారు. జైలు ఖాయమనుకున్నాడు.

"ఎక్కడుంటారు, ఇక్కడే ఉన్నారు" అన్నాడు అబీలియు ఠక్కున. "పరీక్ష కదా. మమ్మల్ని మెడ తిప్పనివ్వలేదు."

"దగ్గనివ్వలేదు కూడా" అంది వెనక బెంచీలో ఒకావిడ.

కాపలా లేదంటే కాపీ సంగతి బయటపడుతుంది మరి. డెబ్బై ఏళ్లుగా కాపాడుకొచ్చిన పరువు. క్లాసు క్లాసంతా తలూపింది. "ఆయన్ని అనుమానిస్తే కళ్లు పోతాయి బాబూ" అని దోనా దెయోలిండ అందరికంటే గట్టిగా అంది. సార్జెంటు అదే రాసుకుని వెళ్లిపోయాడు. అబీలియు మీద టెల్మోకి అనుమానమూ కృతజ్ఞతా రెండూ ఒకేసారి పొంగుకొచ్చాయి.

క్లాసయ్యాక అందరూ వెళ్లారు. దోనా దెయోలిండ మాత్రం మనవరాల్ని కింద ఉండమని పంపించి బల్ల దగ్గరికొచ్చింది. ఆవిడ కళ్లల్లో ఇప్పుడు తడి లేదు.

"ఆ ఇనప్పెట్టె ఎవరి కంటా పడకుండా నదిలో పారేయండి సారూ" అంది మెల్లిగా.

టెల్మో తలుపు వైపు చూశాడు. "ఏ పెట్టె? మీరేమంటున్నారో నాకు..."

"రాళ్లు పోసింది నేనే. గుండె డాక్టరు దగ్గరికని చెప్పి కాసినోకి వెళ్లేదాన్ని. బంగారమంతా నాలుగేళ్ల కిందటే అక్కడ పోయింది. ఈ ఆగస్టులో తొలిసారి ఊరేగే పిల్ల మెడలో ఏం వేస్తానా అని నాకు కంటిమీద కునుకు లేదు."

"మరి... మీరు రాసిన వాక్యాలు?"

"ఏటేటా అవే రాస్తున్నాను సారూ. మీకు ముందొచ్చిన ఇద్దరు మేస్టర్లూ తప్పులు దిద్ది ఊరుకున్నారు."