చేతికుట్టు ఏనుగు

బ్యాంకావిడ చూపుడువేలికి ప్లాస్టర్ వేసుకుంటోంది. భర్త టై కట్టుకుంటూ బల్ల మీది గుడ్డ ఏనుగు వైపు చూశాడు.

"చెవులు సమంగా లేవేంటి? ఒకటి చేటంత, ఒకటి చెంచా అంత!"

"చేత్తో చేసినవి అలాగే ఉంటాయి. సమంగా ఉంటే షాపులో కొన్నామంటారు."

"తొండం మాత్రం బాగా కుదిరింది."

"కుదరక చస్తుందా? మూడు వారాలు పట్టింది."

ఆ మూడు వారాల భాగోతానికి మూలం టీచరమ్మ పంపిన చీటీ. కొన్న బొమ్మ ఒక్కటి కూడా ఈసారి బడిలోని క్రిస్మస్ చెట్టు కింద ఉండకూడదట. నాలుగేళ్ల పిల్లలకి అమ్మో నాన్నో సొంత చేతులతో చేసిందే ఇవ్వాలట. "ప్రేమ షాపుల్లో దొరకదు" అని రాసి, దాని కింద ఎర్రసిరాతో గీత కూడా గీసింది. అంతటితో ఊరుకుందా? అందరినీ పిలిపించి, నమూనాకని ఒక గుడ్డ ఎలుగుబంటిని బల్ల మీద కూర్చోబెట్టింది. "రెండు సాయంత్రాల పని. మనసుంటే మార్గం ఉంటుంది," అంది. అన్నిటికన్నా మంచి బొమ్మ తెచ్చినవాళ్ల ఫొటో ఏడాది పొడుగునా బడి గోడకి వేలాడుతుందని కూడా చెప్పింది.

పోయినేడాది మట్టిబొమ్మల పోటీ గెలిచిన డాక్టరమ్మ ఆ గోడ మీది నుంచి ఇంకా నవ్వుతూనే ఉంది. పాపని దింపడానికి వెళ్లినప్పుడల్లా ఆ నవ్వు చూసి బ్యాంకావిడకి ఒళ్లు మండిపోయేది. ఈసారి ఆ మేకుకి తన ఫొటో పడాల్సిందే అనుకుంది.

మొదటి వారమంతా సూదిలో దారం ఎక్కించడానికే సరిపోయింది. ఆడుకుందాం రమ్మని పాప కొంగు లాగితే, "నీ కోసమే కదే చస్తున్నాను, అవతలికి పో!" అని కసిరింది. రెండో వారానికి ఏదో ఒకటి తయారైంది. పాప దాన్ని అటూ ఇటూ తిప్పి, "దిండా అమ్మా?" అని అడిగింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, బ్యాంకావిడ గుడ్డని తిట్టింది, సూదిని తిట్టింది, ఆ సూది కొనుక్కొచ్చిన మొగుణ్ని తిట్టింది. మూడో వారానికి ఏనుగు ఏనుగులా తయారైంది.

బడి హాల్లో అన్నీ పిల్లల కుర్చీలే. పెద్దవాళ్లు వాటిలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని, ఒళ్లో బొమ్మలు పెట్టుకుని, ఒకరినొకరు తెగ మెచ్చుకుంటున్నారు. కడుపులో కత్తులు పెట్టుకుని కౌగిలించుకోవడమంటే అదే.

"జిరాఫీ మెడ నిలబెట్టేసరికి నా ప్రాణం పోయిందనుకోండి," అంది డాక్టరమ్మ. "కుట్లు వేయడం అలవాటే కాబట్టి సరిపోయింది."

"నేనైతే కోర్టు నుంచి వచ్చి నల్లకోటు విప్పీ విప్పకుండానే కుందేలు ముందు కూర్చునేవాణ్నండీ," అన్నాడు లాయరు.

బ్యాంకావిడ ప్లాస్టర్ వేలితో ఏనుగు చెవి నిమిరింది. "నాకు రక్తమే వచ్చింది. పిల్లల కోసం ఆ మాత్రం చేయకపోతే ఎలాగండీ!"

టీచరమ్మ ఒక్కొక్క బొమ్మనీ చేతిలోకి తీసుకుని చూస్తూ, పుస్తకంలో రాసుకుంటూ వస్తోంది. ఏనుగు దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగింది. "ఈ చెవుల్లో అమ్మ చెయ్యి కనిపిస్తోంది," అంది. బ్యాంకావిడకి గోడా, మేకూ, మేకుకి తన ఫొటో కళ్లకి కట్టినట్టు కనిపించాయి.

చివరి కుర్చీ దగ్గర టీచరమ్మ కలం ఆగిపోయింది. అక్కడ కూర్చున్నావిడ ఒళ్లో షాపు కవరైనా విప్పని ప్లాస్టిక్ బాతు ఉంది. పక్కనే నిలబడ్డ కూతురు ఆ బాతు వైపు ఆశగా చూస్తోంది.

"ఇదేంటమ్మా? కొన్నవి వద్దని చీటీ పంపానుగా?"

"తీరిక దొరకలేదండీ," అందావిడ తల వంచుకుని.

"సర్లెండి," అని టీచరమ్మ వెనక్కి తిరగబోయింది.

లాయరు ఊరుకుంటాడా? "రూలంటే అందరికీ రూలేనండీ. మేమంతా గోళ్లు గిల్లుకుంటూ కూర్చుని చేశామా?"

అంతవరకూ ఆ వైపు చూడని బ్యాంకావిడ కూడా గొంతు సవరించుకుంది. "కన్నబిడ్డ కోసం రెండు సాయంత్రాలు దొరకలేదంటే ఏం చెబుతాం! ఒంటి నిండా ఆ దారప్పోగులేంటి? నలుగురిలోకీ వచ్చేటప్పుడు దులుపుకుని అయినా రావాలి కదా."

ఇంతమంది అన్నాక టీచరమ్మకి గొంతు పెంచక తప్పలేదు. "ఆ బాతుని చెట్టు కింద పెట్టడానికి వీల్లేదు. అయినా, అంత తీరిక లేని పనేంటమ్మా మీకు?"

ఆవిడ తలెత్తి అందరి ఒళ్లలోకీ వరసగా చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏదో అనబోయి, పెదవి బిగబట్టి, బాతుని సంచిలో పెట్టేసుకుంది.

"ఏదో ఒక పని లెండి," అంది.

బ్యాంకావిడ హాయిగా ఊపిరి వదిలింది.

ఆవిడ కూతురు మాత్రం తల్లి చెయ్యి విడిపించుకుని, ఏనుగుని "గున్నమ్మా" అనీ, జిరాఫీని "పొడుగత్తా" అనీ, కుందేలుని "చెవుల మామా" అనీ పలకరించుకుంటూ హాలంతా తిరిగి, చివరికి టీచరమ్మ బల్ల మీది నమూనా ఎలుగుబంటిని ఎత్తుకుని, "అమ్మా, నువ్వు అన్నిటికన్నా ముందు కుట్టింది దీన్నే కదా?" అంది.