ఉల్లితొక్కల దొంగ

క్యాంటీన్ వెనక బుట్ట మళ్లీ ఖాళీ. ఒక్క ఉల్లితొక్క కూడా లేదు.

పరిశోధక విద్యార్థిని బుట్టను బోర్లించి మరీ చూసింది. ఎర్ర ఉల్లితొక్కలోని ఫ్లేవనాయిడ్లనే పదార్థాలు జలుబు తెచ్చే వైరస్‌ను కణాల్లోకి పోనివ్వడం లేదని ఆమె గాజు పళ్ళేల్లో ఇప్పటికి రెండుసార్లు చూపించింది. మూడోసారీ చూపిస్తేనే లెక్క. తొక్కలు మాత్రం మొదటి రెండుసార్లూ వాడిన రకమే కావాలి, ఈ క్యాంటీన్‌వే. నెలాఖరులోగా ఆ పని కాకపోతే ఆమె నాలుగేళ్ల శ్రమ అటకెక్కుతుందని గైడ్ గారు ముందే తేల్చేశారు.

గైడ్ గారు దేన్నీ ఓ పట్టాన నమ్మరు. పోయిన వారం సమావేశంలో, ముక్కుకు అడ్డం పెట్టుకున్న రుమాలు తీయకుండానే ఆమెను ఓ పట్టు పట్టారు. గుప్పెడు తొక్కలకు ఎన్ని నీళ్లు పోశావు, మూత పెట్టి మరిగించావా, ఎన్ని నిమిషాలు... గుచ్చి గుచ్చి అడిగి చిన్న డైరీలో రాసుకున్నారు కూడా. తప్పు పట్టుకోవడానికే అనుకుంది ఆమె.

చివర్లో ఒక్కమాటలో తీసిపారేశారు. "పళ్ళెంలో నెగ్గితే మనిషిలో నెగ్గినట్టు కాదమ్మా. మనుషుల్లో రుజువయ్యేదాకా నేను నమ్మను."

ఇంటికి ఫోన్ చేస్తే అమ్మది ఇంకో పోటు. "తొక్కలు ఏరుకోవడానికా తల్లీ ఇంత చదువు చదివింది?"

ఆమె అనుమానమంతా పక్క ల్యాబ్ బట్టతలాయన మీదే. ఆయనదీ వైరస్‌ల పనే. పైగా ఈమధ్య కారణం లేకుండా పలకరిస్తున్నాడు.

మర్నాడు తెల్లవారుతూనే వెళ్లి క్యాంటీన్ వంటావిడను నిలదీసింది.

"అక్కా, నా తొక్కలు ఎవరికిచ్చేస్తున్నావు?"

వంటావిడ ఉల్లిపాయ కోస్తూనే ముసిముసిగా నవ్వింది. "చెప్పనని మాటిచ్చానే. వారం రోజులుగా నీకంటే ముందే వచ్చి పట్టుకుపోతున్నారు. ఆ డబ్బాల వెనక నిలబడు, నువ్వే చూద్దువుగాని."

నిలబడింది. బట్టతలాయన్ని ఏమని కడిగిపారెయ్యాలో లోపల్లోపలే కూడబలుక్కుంది.

వెనక తలుపు కిర్రుమంది. ఒక చేత్తో ఫ్లాస్కు, ఇంకో చేత్తో ఖాళీ సంచి పట్టుకుని, "ఇవాళ ఇంకో గుప్పెడు ఎక్కువ వెయ్యమ్మా, ముక్కుదిబ్బడ కాస్త విడిచింది" అంటూ లోపలికి వచ్చింది గైడ్ గారే.