కొక్కెం తగిలించే చోటు

లంకల్లో రోడ్లన్నీ బురదైపోయాక ఇంటికో బురదబండి వచ్చింది, బండికో వించ్ వచ్చింది. దిగబడితే దాని ఇనుపతాడు లాగి, చెట్టుకు కొక్కెం తగిలించి మీట నొక్కడమే, బండిని అదే బయటికి లాగేస్తుంది.

"పోయిన వానల్లో అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్తుంటే పాత వించ్ చెయ్యిచ్చేసిందండి. గట్టిది చూపించండి," అన్నాడు ఏసుపాదం, వించ్‌లమ్మే కొట్లో.

"ఇది ఏనుగు దిగబడినా లాగేస్తుందండి," అన్నాడు కొట్టాయన.

ఏసుపాదం భార్య రూతమ్మకు ఒళ్లు మండింది. ఆ రోజు వించ్ బాగానే లాగింది. బండి కదల్లేదు, చెట్టే వేళ్లతో సహా ఊడొచ్చింది. ఆ దారిలో అదే ఆఖరి చెట్టు. మిగిలినవన్నీ ఊరి బళ్లు అప్పటికే పీకేశాయి. అత్త బండిలోనే ప్రాణం వదిలింది. శ్మశానం దాకా తీసుకెళ్లే దారిలేక అక్కడే గట్టు మీద పూడ్చి, సిమెంటు సమాధి కట్టారు.

"వించ్ సరేనండి, దేనికి తగిలించాలో అది చెప్పండి," అంది రూతమ్మ. కొట్టాయన విననట్టే బండికి కొత్త వించ్ బిగించాడు.

తిరుగుదారిలో బండి మళ్లీ అక్కడే దిగబడింది. ఏసుపాదం కొక్కెం పట్టుకుని చుట్టూ చూశాడు. కనుచూపు మేరలో గట్టిగా నిలబడి ఉన్నది ఒక్కటే. తల దించుకుని అటే నడిచాడు.

"అత్తని మనం లాగలేకపోయాం. ఇప్పుడు అత్తే మనల్ని లాగాలా?" అంది రూతమ్మ.

అతను సమాధి చుట్టూ తాడు తిప్పి, వెనక్కి చూడకుండానే, "మీట నొక్కవే," అన్నాడు.